రెండుసార్లు తడితే ఆగాలి

మా ఆడపడుచు అరవగా నేను ఏనాడూ వినలేదు. చెయ్యి నలిగిన రోజు కూడా వినలేదు. ఆ కోపం నాకింకా దిగలేదు. దిగాక రాద్దామని కొన్నాళ్ళు ఆగాను. దిగేలా లేదు కాబట్టి కోపంతోనే రాస్తున్నాను. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

షెడ్డులో ఆమెను అందరూ రెక్కమ్మ అంటారు. అది చిన్న విమానాలు పెట్టుకునే షెడ్డు. ఇద్దరో నలుగురో కూర్చునేవి. కొన్ని సొంతదారులవి, కొన్ని ఎగరడం నేర్పే బడివి. ఆకాశంలో ఎంత ఠీవిగా తిరిగినా నేలమీద వాటంత చేతకానివి లేవు. ఇంజను ఆగిందంటే అంగుళం కదలవు. వెనక్కి నడవడం అసలే రాదు. మొండికేసిన దున్నను కొట్టంలోకి తోసినట్టు మనుషులే తోసుకోవాలి. ముందుచక్రానికి పొడవాటి ఇనుప కడ్డీ తగిలించి ఒకరు దారి తిప్పుతారు. అది మా ఆయన పని, ఆయనే అక్కడ మేస్త్రి. రెక్కల మొదలు దగ్గర వంగి భుజాలు ఆనించి ఇద్దరు తోస్తారు. కడ్డీ పట్టినవాడికి చక్రం తప్ప, తోసేవాళ్ళకు వాళ్ళ చెమట తప్ప ఏదీ కనపడదు. ఆ షెడ్డు కట్టినవాడు జన్మలో విమానాన్ని చూసినట్టు లేదు, ఒక పక్కంతా సరిగ్గా రెక్క తగిలేచోటే ఇనుప స్తంభాలు నిలబెట్టాడు. అందుకని ఆ పక్క రెక్క చివర ఎప్పుడూ ఒక మనిషి నడవాలి. 

ఆ మనిషి మా ఆడపడుచు.

రెక్క ఆమె నడుం ఎత్తున ఉంటుంది. అరచెయ్యి దానిమీద పెట్టి, అడుగులు నేర్చుకునే పిల్లను నడిపించినట్టు పక్కనే నడుస్తుంది. బయట ఏదో ఒక ఇంజను ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది, కేకలు వేసినా ఎవరికీ వినపడవు. అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టింది. వేలి కణుపుతో రెక్క రేకు మీద ఒకసారి తడితే పోనివ్వమని. రెండుసార్లు తడితే ఆగమని. ఆ తట్టు రేకులోనుంచి పాకి తోసేవాళ్ళ భుజానికి తెలుస్తుంది. చెవితో పని లేదు. నేను మొదట నమ్మలేదు. ఆ షెడ్డు మూలన నా కుట్టుమిషను ఉంటుంది, విమానాలకు కప్పే గుడ్డలు, సీట్ల గలేబులు కుట్టేది నేనే. ఒకరోజు లేచి వెళ్ళి రెక్క మొదట్లో చెయ్యి పెట్టి చూశాను. ఆమె చివర తట్టింది. నిద్రపోతున్నవాడి గుండె చప్పుడులా నా అరచేతికి తగిలింది.

ఆమె మా ఇంటికి ఒక ట్రంకు పెట్టెతో వచ్చింది. మొగుడు వదిలేశాడు. ఎందుకు వదిలావురా అని పెద్దవాళ్ళు అడిగితే, ‘ఇది మాట్లాడదు’ అన్నాడట. ఎక్కువ మాట్లాడుతుందని పెళ్ళాన్ని వదిలేసినవాళ్ళను చూశాను. మాట్లాడదని వదిలేసినవాడు నాకు తెలిసి వాడొక్కడే. మాది ఒకటే గది, దాని వెనక వంటచోటు. వదినను కాబట్టి నా మాటలు నేను అన్నాను. ఆమె బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. గోడకు చెప్పినా ఒక పెచ్చయినా రాలుతుంది.

ఒకరోజు రెక్క దగ్గర నడిచేవాడు రాలేదు. ‘ఒక్క పూటకి వచ్చి నిలబడు చెల్లీ’ అని మా ఆయన పిలిచాడు. ఆ పూట ఇంకా అవలేదు. వెళ్ళిన కొన్నాళ్ళకే వేలి ఉంగరం తీసి పెట్టెలో పడేసింది, రంగు గీసుకుపోతుందని. గోళ్ళు పెరగనివ్వదు. అన్నగారి పాత చొక్కా పైన వేసుకుంటుంది, దాని గుండీలన్నీ నాచేత పీకించి గుడ్డ పీలికలు కుట్టించుకుంది. గుండీ తగిలినా గీత పడుతుందట. మొగుడి ఇంట్లో మంచం, కంచం అన్నీ వదిలేసి వచ్చిన మనిషి, ఎవరివో విమానాల మీద గీత పడితే ఆ పూట అన్నం మానేసేది.

ఇంట్లోనూ అదే తట్టుడు. వడ్డిస్తుంటే కంచం అంచు మీద వేలితో ఒకసారి తడితే ఇంకాస్త వెయ్యమని, రెండుసార్లు తడితే చాలని. రానురాను మా ఆయనకూ అదే అలవాటయింది. ఇద్దరి మధ్యా గరిటె పట్టుకుని నేను, తబలా కచ్చేరీకి వచ్చినట్టు ఉండేది.

ఇలా ఉండగా తాబేలు వచ్చింది.

దాని అసలు పేరు ఏదో ఉంది, చెక్కపెట్టె మీద రాసి ఉంది. మూత తీస్తే లోపల నల్లగా, వెడల్పుగా, నేలకు కరుచుకుని నాలుగు బుడ్డి చక్రాలతో ఒక యంత్రం. చూడగానే తాబేలు అన్నాం. విమానం ముందుచక్రాన్ని తన వీపు మీద ఎక్కించుకుని లాక్కుపోతుంది, వెనక్కి నెడుతుంది. దూరంనుంచి రిమోట్ నొక్కితే చాలు, దానికీ దీనికీ మధ్య తీగ కూడా లేదు.

‘ఇక కడ్డీలొద్దు, భుజాలొద్దు,’ అన్నాడు మేనేజరు. ఎప్పుడూ మెరిసే బూట్లు వేసుకుంటాడు, నేలమీద నూనె చుక్క కనపడితే దాటి వెళ్తాడు. ‘ఒక మనిషి, ఒక రిమోట్. అంతే.’

‘మరి తోసేవాళ్ళు?’ అన్నాడు మా ఆయన.

‘పెట్రోలు వైపు పంపుతున్నాను. అక్కడ మనుషులు కావాలి.’

‘రెక్క దగ్గరో?’ అని మిషను దగ్గరనుంచి నేనే అడిగాను, వాళ్ళిద్దరూ అడగరని తెలిసి.

‘రిమోట్ పట్టుకున్నాయన చూసుకుంటాడు పెద్దమ్మా.’

‘ఆయనకు చక్రం తప్ప ఏం కనపడుతుంది?’

‘కొన్నాళ్ళు చూద్దాం. రెక్కమ్మకు పని ఉంటే ఉంటుంది. లేకపోతే ఏం చేస్తాం.’

ఆమె అక్కడే ఉంది. పాతగుడ్డతో రెక్క తుడుస్తోంది. తుడిచినచోటే మళ్ళీ తుడుస్తోంది. ఇంతకుముందోసారి నా కళ్ళు మసకబారుతున్నాయని, నా పక్కన కూర్చుని కుట్టు నేర్చుకోమన్నాను. మిషను మీద రెండుసార్లు తట్టి వెళ్ళిపోయింది. ఆ షెడ్డులో, ఆ రెక్క చివర, ఆ చెయ్యి పెట్టే చోటు. ఆమెకు ఈ లోకంలో నాది అని చెప్పుకునేది అదొక్కటే. దానికి కూడా ‘చూద్దాం’ అన్నాడు.

తాబేలును పనికి సిద్ధం చెయ్యడం చూశాను కాబట్టి చెబుతున్నాను. మొదట పగలంతా దానికి కరెంటు పెట్టాలి, ఎర్రదీపం పచ్చదీపం అయ్యేదాకా. వీపు మీద చక్రం కూర్చునే పళ్ళెం ఉంటుంది, దానికి రెండు చేతులు. ఒక్కో విమానానికి చక్రం ఒక్కో వెడల్పు, దాన్నిబట్టి నట్లు వదులుచేసి ఆ చేతుల్ని జరపాలి, టైరు ఒరుసుకోకుండా రబ్బరు ముక్కలు పెట్టాలి. పైనుంచి పటకా వేసి బిగించాలి. ఇవన్నీ అయ్యాక లోపలికి తొంగిచూసి చేతిబ్రేకు వదిలి ఉందో లేదో చూడాలి, చక్రాలకు అడ్డం పెట్టిన చెక్కలు తియ్యాలి. విమానం ముందుకాలి మీద ఎర్రగీత ఉంటుంది. చక్రాన్ని ఆ గీత దాటించి తిప్పితే లోపల విరుగుతుంది. రిమోట్‌లో ఒక చిన్న పుల్ల, బొటనవేలితో తొయ్యాలి. వేలు తీస్తే తాబేలు ఆగుతుంది. అది కాక ఒక ఎర్ర మీట, ఏ ఆపదవచ్చినా కొట్టడానికి.

ఇవన్నీ నేలమీద పడుకుని చెయ్యాల్సిన పనులు. మా ఆయన నడుము వంగదు, కడ్డీ లాగిలాగి ఎప్పుడో పట్టేసింది. కాబట్టి పడుకున్నది చెల్లెలు. పెట్టెలో వచ్చిన బొమ్మల కాగితం పక్కన పరుచుకుని, నట్లు తిప్పింది, రబ్బర్లు పెట్టింది, పటకా బిగించింది, ఎర్రమీట కొట్టి ఆగుతోందా లేదా అని మళ్ళీమళ్ళీ చూసింది. లేచి మోకాళ్ళు దులుపుకుంది. అప్పుడు అన్నగారు చెయ్యి చాపాడు. రిమోట్ ఆయన చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం నేను ఊరుకోలేదు.

‘రిమోట్ దానికివ్వొచ్చు కదా,’ అన్నాను వడ్డిస్తూ. రెక్కమ్మ వెనక కుళాయి దగ్గర గిన్నెలు కడుగుతోంది.

‘మేస్త్రిని నేను,’ అన్నాడు.

‘మీ నడుం బాధ తాబేలు మోస్తోంది. సంతోషం. మీ చెల్లెల్ని ఎవరు మోస్తారు?’

‘నేనేమన్నా పొమ్మన్నానా?’

‘ఉండనివ్వమని మేనేజరుతో ఒక్క ముక్క అన్నారా?’

కంచంలో అన్నం అటూ ఇటూ కెలికాడు. తరవాత మెల్లగా అన్నాడు. ‘ఇద్దరిలో ఒకరే అంటే నన్నేం చెయ్యమంటావే. ఈ నడుముతో నాకింకెక్కడ పని దొరుకుతుంది.’

కుళాయి దగ్గర గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపయ్యాక మళ్ళీ మొదలైంది. ఆమె లోపలికి వచ్చి గిన్నెలు బోర్లించి పడుకుంది. ‘అదేమిటన్నయ్యా’ అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. మెత్తనివాళ్ళను చూస్తే అందరికీ మొత్తబుద్ధే అని ఊరికే అనలేదు.

మర్నాటినుంచి మా ఆయన రాజయోగం చూడాలి. విమానం ముక్కుకు ఎదురుగా, సరిగ్గా కడ్డీ పట్టుకున్నప్పుడు ఎక్కడ నిలబడేవాడో అక్కడే నిలబడి, రిమోట్ పొట్టకు ఆనించుకుని, చక్రం మీదనుంచి చూపు తిప్పకుండా నడిపేవాడు. ఎవరూ అడగకపోయినా రెక్కమ్మ తన చోట తను నడిచేది. చెయ్యి రెక్కమీద. ఒకసారి తట్టేది, విమానం కదిలేది. రెండుసార్లు తట్టేది, విమానం ఆగేది. నిజానికి అన్నగారు తన లెక్కన తను కదిలిస్తున్నాడు, తన లెక్కన తను ఆపుతున్నాడు. ఇద్దరూ ఒకటే పనికి అలవాటుపడ్డవాళ్ళు కాబట్టి రెండూ కలిసేవి. ఆమె తట్టుకే ఆగుతోందని ఆమె అనుకుంది. మేమందరమూ అలాగే అనుకున్నాం.

ఆ రోజు బడి విమానాన్ని స్తంభాల అవతలి మూలకు వెనక్కి నెట్టాలి. బయట ఎవరో ఇంజను పరీక్ష చేస్తున్నారు, నా మిషను చప్పుడు నాకే వినపడటం లేదు. ముక్కు ఒకవైపు తిరిగితే రెక్క చివర ఇంకోవైపు ఎంత విసురుగా వెళ్తుందో దగ్గర నడిచేవాళ్ళకే తెలుస్తుంది. రెక్క స్తంభం వైపు వెళ్తోంది. ఆమె రెండుసార్లు తట్టింది. ఆగలేదు. మళ్ళీ రెండుసార్లు తట్టింది, గట్టిగా. ఆగలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఎందుకంటే ఆ రేకు మీద ఈసారి ఎవరి భుజమూ లేదు. మా ఆయన చేతులు రెండూ రిమోట్ మీద ఉన్నాయి.

అప్పుడామె వెనక్కి తప్పుకోవచ్చు. రెక్క పోతే పోయిందని. తప్పుకోలేదు. పాతరోజుల్లో ఎన్నోసార్లు చేసినట్టే రెక్క చివరకూ స్తంభానికీ మధ్య అరచెయ్యి అడ్డం పెట్టింది. మనుషులు తోసేటప్పుడు అటువైపు కాస్త బరువు తగిలితే చాలు, భుజానికి తెలిసి ఆగిపోయేవాళ్ళు. తాబేలుకు భుజం లేదు.

నేను అరిచాను. నాకు నోరుంది, వాడుకుంటాను. అయినా ఆ ఇంజను రొదలో అది ఎవరికి చేరింది. చేతిలో ఉన్న కొయ్య స్కేలు విసిరాను. మా ఆయన వీపుకు తగిలింది. ఉలిక్కిపడి బొటనవేలు ఎత్తాడు. తాబేలు ఆగింది.

ఆయన తల తిప్పాడు, స్తంభాన్ని చూశాడు, చెల్లెల్ని చూశాడు. పరిగెత్తుకు వచ్చాడు. వచ్చి అడిగిన మొదటి మాట ఇది.

‘రెక్కకి గీత పడిందా?’

ఆమె ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. చెయ్యి ఇంకా మధ్యలోనే ఉంది.

‘పడలేదన్నయ్యా,’ అంది.

ఆయన ప్రశ్నకు కోపగించుకోవాలో ఆమె జవాబుకు కోపగించుకోవాలో నాకిప్పటికీ తెలియదు. రెండింటికీ సరిపడా ఉంది నా దగ్గర.

మేనేజరు వచ్చాడు. ముందు రెక్క చుట్టూ తిరిగాడు. తరవాత ఆమె చెయ్యి చూసి ముఖం చిట్లించాడు. ‘నోరు తెరిచి ఒక్క కేక వేస్తే అయిపోయేది కదమ్మా. మనిషే వెళ్ళి అడ్డం పడితే యంత్రం ఏం చేస్తుంది?’ అన్నాడు. ‘చెయ్యి తగ్గేదాకా రాకు. తగ్గాక... సరే, తగ్గనీ.’ ఆ నసుగుడు అర్థం కానంత వెర్రివాళ్ళం కాదు మేము.

రెండు వేళ్ళు విరిగాయి. ఆసుపత్రిలో కట్టు కట్టి, ఇవి ఇక పూర్తిగా చాచుకోవు అన్నారు. ఇంటికి తీసుకొచ్చి కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. మా ఆయన తలుపు పక్కన పీట మీద కూర్చున్నాడు, ఎవరో తీసుకొచ్చి అక్కడ పెట్టి మరిచిపోయిన సామానులాగా. అన్నం కలిపి ఆమెకు ముద్దలు పెడుతూనే తిట్టాను.

‘దేవుడు నోరెందుకిచ్చాడే నీకు? ముద్ద మింగడానికేనా?’

‘తట్టాను వదినా.’

‘ఎవరికి తట్టావ్?’

‘అన్నయ్యకి.’

‘మీ అన్నయ్య చెయ్యి విమానం మీద ఉందా?’

ముద్ద నోటి దగ్గర ఆగింది. ‘లేదు,’ అంది. ‘ఎవరూ లేని రేకును తట్టాను. ఇన్నాళ్ళూ అదే చేశానన్నమాట.’

ఇక పీట వైపు తిరిగాను.

‘ఏవండీ, ఒకటి అడుగుతాను చెప్పండి. మీ చేతిలో కడ్డీ ఉందా?’

‘కడ్డీ ఎక్కడిది, రిమోటేగా.’

‘దానికి తాడుందా? తీగ ఉందా?’

‘లేదు.’

‘మరి ఆ ముక్కు ముందే ఎందుకు నిలబడ్డారు? ఎక్కడైనా నిలబడి నొక్కొచ్చు కదా. మూలన నిలబడొచ్చు, నా మిషను పక్కన నిలబడొచ్చు, రెక్క చివర నిలబడొచ్చు. తాడు విప్పేసినా గుంజ చుట్టూ తిరిగే గొడ్డులా అక్కడే తిరిగారు.’

‘ఎప్పుడూ అక్కడే కదా నిలబడేది,’ అన్నాడు.

నేను ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయను. మధ్యలో చూస్తే రెక్కమ్మ ముద్ద మింగి నా వైపు చూస్తోంది, నేను మా ఆయనను తిట్టడం కాదు, ఆమెకేదో దారి చెబుతున్నట్టు. ఏమిటే అన్నాను. కట్టులేని ఎడమచేత్తో కిటికీ చెక్క మీద తట్టింది. ఒకసారి.

ఆ తరవాత మా ఆయన స్తంభాల వైపు ఒక్క విమానాన్ని కూడా పెట్టలేకపోయాడు. అడుగు కదలగానే బొటనవేలు లేచిపోయేది. పాపం అనాలేమో, నేను అనను. విమానాలు బయటే కట్టేసి ఉంచడం మొదలుపెట్టారు. మేనేజరు గొణుక్కుంటూ తిరిగేవాడు.

అలా ఉండగా ఒకరోజు పొద్దున్నే గాలివాన హెచ్చరిక వచ్చింది. ఆకాశం ఒక పక్కంతా సీసం రంగులో ఉంది. చిన్న విమానాలు గాలికి ఎంత కట్టినా గాలిపటాలే. మధ్యాహ్నంలోగా అన్నీ లోపల ఉండాలన్నాడు మేనేజరు. ఆ రోజు బూట్లకు బురద అంటినా చూసుకోలేదు.

నేను మిషను దగ్గరకు వెళ్తుంటే ఆమె కూడా నా వెనకే వచ్చింది. చేతికి కట్టు, ఒంటిమీద గుండీలు లేని చొక్కా, మెడలో నేను కుట్టిన సంచి. కప్పుగుడ్డ మిగులు ముక్కతో కుట్టాను, రిమోట్ పట్టేంత, ఒంటిచేత్తో నొక్కడానికి వీలుగా పైన నోరు వదిలి. అడిగి కుట్టించుకుంది. అడిగింది అంటే కొలత చూపించింది.

నేలమీద పడుకుంది. ఎడమచేత్తో పళ్ళెం చేతులు జరిపింది. మా ఆయన ఆ నడుముతోనే మోకాళ్ళ మీద కూర్చుని నట్లు అందించాడు, ఎవరూ చెప్పకుండానే. పటకా బిగించింది. ఎర్రమీట కొట్టి చూసింది. చేతిబ్రేకు చూసి వచ్చింది. అప్పుడు అన్నగారి ముందు నిలబడి చెయ్యి చాపింది.

‘అన్నయ్యా, అది ఇటివ్వు. నువ్వు అటు రెక్క పట్టుకో.’

ఆయన మేనేజరు ముఖం చూశాడు.

‘ఇదేమిటి, చేతికి కట్టుతో?’ అన్నాడు మేనేజరు. ‘ముందు చెయ్యి చూసుకో అమ్మా.’

‘ఆ చెయ్యి ఎందుకలా అయిందో మీరే చూశారుగా,’ అన్నాను నేను.

‘పెద్దమ్మా, నువ్వు నీ కుట్టుపని చూసుకో.’

‘కుట్టేదాన్ని కాబట్టే చెబుతున్నాను. గుడ్డ ఎక్కడ ముడతపడుతుందో అక్కడ వేలుంచి మిషను తొక్కుతాం. గదికి అటుచివర నిలబడి తొక్కం. రెక్క తగిలేచోటే చెయ్యి ఉంటుంది, ఆపే వేలూ అక్కడే ఉంటుంది. ఇంకేం కావాలి మీకు?’

రేకు కప్పు అప్పుడే గాలికి దడదడలాడుతోంది. మేనేజరు పైకి చూశాడు, బయట ఊగుతున్న విమానాలను చూశాడు, పక్కకు జరిగాడు. మా ఆయన రిమోట్ ఆమె సంచిలో పెట్టాడు. పెట్టి రెండో రెక్క చివరకు నడిచాడు. ఆ చోట ఆయన ఎన్నడూ నిలబడలేదు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు.

‘ఉంగరం తియ్యండి,’ అన్నాను.

తీసి జేబులో వేసుకున్నాడు. అరచెయ్యి రెక్కమీద పెట్టాడు.

కట్టు పైనున్న మణికట్టు రెక్కకు ఆనించి, ఎడమ బొటనవేలు పుల్లమీద పెట్టి ఆమె కదిలింది. తాబేలు కదిలింది. విమానం వెనక్కి, లోపలికి. స్తంభం దగ్గర ఆమె వేలు ఎత్తింది, చూసుకుంది, మళ్ళీ పెట్టింది. స్తంభం దాటింది.

అటువైపు గోడకు ఎవరో నిచ్చెన ఆనించి మరిచిపోయారు. గాలికి అది జారి అడ్డంగా వాలుతోంది. మా ఆయన నోరు తెరిచాడు, ఏదో అరిచాడు. పెదాలు కదలడం చూశాను కానీ మాట నాకు వినపడలేదు, ఆమెకూ వినపడలేదు. విమానం వెళ్తూనే ఉంది. అప్పుడు ఆయన వంగని నడుమును వంచి, వేలు మడిచి, రేకును తట్టాడు. రెండుసార్లు.

తాబేలు అక్కడికక్కడే ఆగింది.

ఆమె తల కూడా తిప్పలేదు. వేలు ఎత్తి నిలబడింది, అంతే. మేనేజరే పరిగెత్తి నిచ్చెన తీశాడు. మా ఆయన చొక్కాచేతితో ముఖం తుడుచుకుని ఒకసారి తట్టాడు. విమానం లోపలికి వెళ్ళి తన మూలన తను కూర్చుంది.

వాన మొదలయ్యేసరికి అన్నీ లోపలున్నాయి. ‘సరే, ఇకనుంచి ఇద్దరూ ఇలాగే చెయ్యండి,’ అన్నాడు మేనేజరు. ఆ చెయ్యి ఎలా ఉందని అడగలేదు. ఆమె వెళ్ళక్కర్లేదు, ఆయన వెళ్ళక్కర్లేదు, ఆ ఒక్కమాటతో తేలిపోయింది. ముందే అని ఉంటే రెండు వేళ్ళు మిగిలేవి. తరవాత విమానాల సొంతదారులు వచ్చినప్పుడు, ‘మేం పద్ధతి కొంచెం మార్చాం’ అని వాళ్ళకు చెబుతుంటే విన్నాను. మేం అట. ఆ రోజు నేను సూదులు రెండు విరగ్గొట్టాను.

మా ఆయన కూడా క్షమించమనలేదు. పొద్దున్నే చెప్పులు తొడుక్కుంటూ, ‘చెయ్యెలా ఉంది’ అని గుమ్మాన్ని అడుగుతాడు. ‘బాగానే ఉందన్నయ్యా’ అని ఆమె జవాబిస్తుంది. కట్టు విప్పారు. ఆ రెండు వేళ్ళూ కొక్కెంలా వంగి ఉండిపోయాయి. ఇప్పుడు ఎడమచేత్తో తడుతుంది.

‘నీకు కోపం రాదుటే?’ అని ఒకరోజు అడిగాను, ఇద్దరం బట్టలు ఆరేస్తుంటే.

‘వచ్చింది వదినా,’ అంది. ‘రిమోట్ తీసుకున్నాగా.’

అది ఆమె కోపం. నా కోపం అంత తక్కువలో అవదు. ‘రెక్కకి గీత పడిందా’ అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. నిన్న ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. మా ఆయనకు వడ్డిస్తుంటే కంచం అంచు మీద రెండుసార్లు తట్టాడు. నేను ఇంకో గరిటె వేశాను. మళ్ళీ తట్టాడు, గట్టిగా. ఇంకోటి వేశాను.

‘చాలంటుంటే వినపడదా?’ అన్నాడు.

‘లేదు,’ అన్నాను. ‘నా చెయ్యి గరిటె మీద ఉంది.’

ఆయన చెల్లెలి వైపు చూశాడు, ఆమైనా ఆపుతుందని. రెక్కమ్మ తల వంచుకుని తన అన్నం తాను కలుపుకుంటోంది. కలుపుతూనే ఎడమచేతి వేలితో ఆయన కంచం అంచు మీద తట్టింది. ఒకసారి.

మరో గరిటె వేశాను.